ఆల్టిమీటర్ మార్చినా ముల్లు ఆగి దూకుతోందంటే ముందు స్టాటిక్ లైన్ చూడాలి

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది హనుమకొండ, హైదరాబాద్ దగ్గర ఫ్లయింగ్ నేర్చుకుంటున్నారు. సెస్నా 172లో జనగామ, వరంగల్ మీదుగా రామగుండం వైపు క్రాస్ కంట్రీ (దూరపు శిక్షణ ప్రయాణం) వెళ్లారు. పైకి ఎక్కుతుంటే ఆల్టిమీటర్ (ఎత్తు చూపే డయల్) ముల్లు కాసేపు కదలకుండా ఆగి, ఒక్కసారిగా 100 అడుగుల దాకా దూకింది. అలా మళ్లీ మళ్లీ జరిగింది. వీఎస్ఐ (ఎక్కే, దిగే వేగం చూపే డయల్) కూడా సున్నా దగ్గరికి పడి మళ్లీ లేచింది. 75 నాట్ల దగ్గర పట్టుకున్న ఎయిర్‌స్పీడ్ 60కి పడినట్టు కనిపించి సర్దుకుంది, దాన్ని మీరు గాలి కుదుపు అనుకున్నారు. విమానం అంతకుముందు కొన్ని రోజులు వానలో బయటే ఉంది. తర్వాత ఆల్టిమీటర్ మార్చారు, నేల మీద సరిగ్గానే చూపించింది, గాల్లో మళ్లీ అదే కథ. పైగా మే నెలలో ట్యాబ్‌లోని జీపీఎస్ ఎత్తుకూ ఆల్టిమీటర్‌కూ 400 అడుగుల తేడా వచ్చింది కాబట్టి ఈ విమానానికి ఆల్టిమీటర్ రోగం ముందు నుంచీ ఉందేమో అని మీ అనుమానం.

నా సమాధానం: రెండూ వేరు వేరు సంగతులు, కలపకండి. ఎక్కేటప్పుడు కనిపించింది స్టాటిక్ లైన్‌లో (బయటి గాలి పీడనాన్ని డయల్స్‌కు తెచ్చే ట్యూబ్‌లో) చేరిన నీళ్ల పని, ఆల్టిమీటర్ తప్పు కాదు. మే నెల తేడా అసలు లోపమే కాదు. ఎందుకో చెప్తాను. నేను చాలా ఏళ్లు హ్యాంగర్లలో ఇన్‌స్ట్రుమెంట్ల పని చేసి ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. చిన్న విమానాల్లో ఆల్టిమీటర్ మీద వచ్చే స్నాగ్‌లలో, అంటే లోపం ఫిర్యాదుల్లో, చాలా వరకు ఆల్టిమీటర్ బయటే తేలుతాయి.

ఆల్టిమీటర్ లోపల గాలి తీసి మూసేసిన పల్చటి లోహపు క్యాప్సూల్స్ దొంతర ఉంటుంది. కేసులోకి బయటి గాలి పీడనం స్టాటిక్ పోర్ట్ అనే చిన్న రంధ్రం నుంచి సన్నటి ట్యూబ్ ద్వారా వస్తుంది. పైకి వెళ్లే కొద్దీ పీడనం తగ్గి క్యాప్సూల్స్ ఉబ్బుతాయి, ఆ కదలిక గేర్ల ద్వారా ముల్లుకు చేరుతుంది. మనం ఎగిరే ఎత్తుల్లో ఒక హెక్టోపాస్కల్ (పీడనం కొలత) తేడా అంటే 28 నుంచి 30 అడుగులు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

అదే స్టాటిక్ ట్యూబ్ నుంచి వీఎస్ఐకి, ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్‌కు, ట్రాన్స్‌పాండర్ ఎన్‌కోడర్‌కు (విమానం ఎత్తును నేల మీది కంట్రోలర్‌కు పంపే పెట్టెకు) కూడా కొమ్మలు వెళ్తాయి. అందుకే ఆల్టిమీటర్ మీద అనుమానం రాగానే మిగతా రెండు డయల్స్ ఆ క్షణంలో ఏం చూపించాయో అడగాలి. ఆల్టిమీటర్ ఒక్కటే ఆగి దూకితే, వీఎస్ఐ, ఎయిర్‌స్పీడ్ నిలకడగా ఉంటే, తప్పు ఆ ఇన్‌స్ట్రుమెంట్‌లోనో దానికి వెళ్లే కొమ్మలోనో ఉంది. మూడూ కలిసి తడబడితే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. మీ విషయంలో మూడూ తడబడ్డాయి. ఆల్టిమీటర్ గేర్లు బిగుసుకుంటే ఎయిర్‌స్పీడ్ ముల్లు పడదు. ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధం స్టాటిక్ లైన్ ఒక్కటే.

ఇప్పుడు మీరు రాసిన అంకెలు చూద్దాం, అవి చాలా చెప్తాయి. ముల్లు 100 అడుగులు దూకిందంటే, దూకే ముందు లైన్ లోపలి పీడనం బయటి కన్నా సుమారు 3.5 హెక్టోపాస్కల్స్ ఎక్కువగా ఉండిపోయింది. ఒక సెంటీమీటర్ నీటి స్తంభం దాదాపు ఒక హెక్టోపాస్కల్‌కు సమానం. అంటే ట్యూబ్‌లో ఎక్కడో కిందికి వేలాడిన చోట మూడు, మూడున్నర సెంటీమీటర్ల నీళ్లు ఉంటే చాలు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల పైపు గుర్తుందా, అచ్చం అలాగే ఒక పక్క పీడనం తగ్గితే నీళ్లు ఆ పక్కకు లేస్తాయి. మీరు ఎక్కుతుంటే బయట పీడనం తగ్గుతుంది, నీళ్లు అడ్డుగా ఉండటంతో లోపలి గాలి బయటికి రాలేదు, ముల్లు ఆగిపోతుంది. తేడా ఆ నీళ్లను నెట్టేంత పెరిగాక గాలి బుడగలా బయటపడుతుంది, ముల్లు దూకుతుంది. నీళ్లు మళ్లీ పల్లంలోకి జారి దారి మూసేస్తాయి. అందుకే అది మళ్లీ మళ్లీ జరిగింది.

ఇంకో సాక్ష్యం ఎయిర్‌స్పీడ్. 75 నాట్ల దగ్గర పిటో ట్యూబ్ (ఎదురు గాలిని పట్టే గొట్టం) పుట్టించే అదనపు పీడనం సుమారు 9 హెక్టోపాస్కల్స్ మాత్రమే. స్టాటిక్ లైన్‌లో 3.5 ఎక్కువ నిలిచిపోతే ఇండికేటర్‌కు మిగిలేది 5.5 చిల్లర. పీడనం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ లెక్క 59, 60 నాట్ల దగ్గర తేలుతుంది. మీరు చూసింది కూడా 60. గాలి కుదుపుకు ఎయిర్‌స్పీడ్ పడి లేస్తుంది, నిజమే. కానీ ఆల్టిమీటర్ ఆగినంతసేపూ పడి ఉండి, అది దూకిన క్షణంలోనే లేవదు. చిన్న వేగాల దగ్గర స్టాటిక్ లోపాన్ని ఆల్టిమీటర్ కన్నా ఎయిర్‌స్పీడే గట్టిగా చెప్తుంది. 100 అడుగులు కంటికి చిన్న తేడాగా ఉంటుంది, 15 నాట్లు అలా కాదు.

నేల మీద కరెక్టుగా చూపించిందన్న మాట ఇక్కడ పనికిరాదు. నిలబడి ఉన్న విమానంలో బయట, లోపల పీడనం కాసేపట్లో ఇంచుమించు సమం అవుతుంది, నీళ్లు పల్లంలో ఊరికే పడి ఉంటాయి. సెట్ చేసి చూస్తే ఫీల్డ్ (ఎయిర్‌పోర్ట్) ఎత్తు దగ్గరే చూపిస్తుంది. కొత్త ఆల్టిమీటర్ పెట్టినా, పాతదే ఉంచినా అంతే. ఇది పీడనం మారుతున్నప్పుడే బయటపడే లోపం.

ఇక పని ఎలా చేయాలి. ఇదంతా లైసెన్స్ ఉన్న ఇంజినీర్ చేయాల్సిన పని, స్టూడెంట్‌గా మీరు పానెల్ వెనక చెయ్యి పెట్టకండి. కానీ ఏం జరగాలో తెలిస్తే అడగగలరు.

మొదట పోర్ట్. 172లో ఫ్యూజలేజ్ (విమానం మొండెం) ముందు భాగంలో ఎడమ పక్క చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని మంచి వెలుతురులో చూడాలి. మన వైపు వానాకాలంలో మట్టిగూడు కట్టే కందిరీగ ఏ చిన్న కన్నం దొరికినా మట్టితో పూడ్చేస్తుంది. విమానం కడిగినప్పుడు పెట్టిన టేపు, పాలిష్ చేసినప్పుడు మిగిలిన మైనం కూడా అక్కడ దొరుకుతాయి. ప్రెషర్ పైపుతో కడిగేటప్పుడు నేరుగా పోర్ట్ మీద నీళ్లు కొట్టారా అని అడగండి. వాన కన్నా ఆ కడుగుడు వల్లే నీళ్లు లోపలికి వెళ్లిన సందర్భాలు నాకు ఎక్కువ తగిలాయి.

తర్వాత లైన్. డ్రెయిన్ ఉన్న మోడల్ అయితే ముందు అది తెరవాలి. లేకపోతే ట్యూబ్ ఎక్కడ కిందికి వంగిందో వెతకాలి, నీళ్లు ఉండేది అక్కడే. ఇన్‌స్ట్రుమెంట్లన్నిటి నుంచి లైన్ విడదీసి, వాటి నోళ్లకు మూతలు పెట్టిన తర్వాతే, లోపలి వైపు నుంచి పోర్ట్ వైపుకు తక్కువ ప్రెషర్‌తో పొడి గాలి గానీ నైట్రోజన్ గానీ పంపాలి. ఈ వరుస తప్పకూడదు. ఇన్‌స్ట్రుమెంట్లు కలిపి ఉండగా బయటి నుంచి పోర్ట్‌లోకి ఊదితే వీఎస్ఐ డయాఫ్రం ఒక్క ఊపుకే పాడవుతుంది, నీళ్లు కూడా ఇన్‌స్ట్రుమెంట్లలోకి వెళ్తాయి. నోటితో ఊదడం, పీల్చడం అసలు వద్దు. ఎవరైనా మీ ముందు అలా చేయబోతే, వాళ్లు ఎంత సీనియర్ అయినా ఆపండి.

ట్యూబ్‌ను కూడా చేత్తో తడిమి చూడాలి. పాత ప్లాస్టిక్ ట్యూబ్ ఎండకు, వేడికి గట్టిపడి కీళ్ల దగ్గర పగులుతుంది. క్లిప్ ఊడి కిందికి వేలాడుతుంటే అక్కడ మళ్లీ నీళ్లు చేరతాయి. ఊరికే ఆరబెట్టి వదిలేస్తే వచ్చే వానకు ఇదే స్నాగ్ మళ్లీ వస్తుంది. ట్యూబ్ పోర్ట్ నుంచి పైకి వాలుగా వెళ్లాలి, మధ్యలో ఎక్కడా పల్లం ఉండకూడదు.

ఆ తర్వాత లీక్ చెక్. మీ విమానానికి ఇది మామూలు కన్నా ముఖ్యం, ఎందుకంటే ఆల్టిమీటర్ మార్చినప్పుడు లైన్ ఒకసారి విప్పారు. విప్పిన ప్రతిసారీ చెక్ జరగాలి. అమెరికన్ నిబంధనల్లో ప్రెషరైజ్ చేయని విమానానికి కొలత ఇది: ఆల్టిమీటర్ ఫీల్డ్ ఎత్తు కన్నా 1,000 అడుగులు ఎక్కువ చూపించేదాకా లైన్‌లో గాలి తగ్గించి, మూసి, ఒక నిమిషం చూడాలి. ఆ నిమిషంలో 100 అడుగులకు మించి పడకూడదు. ఈ చెక్‌లో పిటో లైన్‌ను కూడా అదే సక్షన్‌కు కలపాలి. స్టాటిక్ మాత్రమే లాగితే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ అది పెద్ద వేగం అనుకుంటుంది. 1,000 అడుగుల తేడా అంటే 35 హెక్టోపాస్కల్స్ చిల్లర, 140 నాట్ల పైచిలుకు. ఇంకా ఎక్కువ లాగితే ఇండికేటర్ దాని పరిమితి దాటిపోతుంది. లాగడం, వదలడం రెండూ వీఎస్ఐ తట్టుకునేంత నెమ్మదిగా జరగాలి.

లీక్ ఉంటే ఏం కనిపిస్తుందో కూడా చెప్తాను. ఎగురుతున్న చిన్న విమానంలో క్యాబిన్ పీడనం సాధారణంగా బయటి కన్నా కొంచెం తక్కువ. పానెల్ వెనక ఫిట్టింగ్ వదులైతే ఆల్టిమీటర్ కొంచెం ఎక్కువ ఎత్తు, ఎయిర్‌స్పీడ్ కొంచెం ఎక్కువ వేగం చూపిస్తాయి. క్యాబిన్‌లోకి గాలి వచ్చే వెంట్ తెరిచి మూస్తే రీడింగ్ మారుతుంది. ముల్లు ఆగి దూకడం ఉండదు. కాబట్టి నీళ్ల లోపం పోయాక వెంట్ తిప్పినప్పుడల్లా ముల్లు కదులుతుంటే, ఆల్టిమీటర్ మార్చిన రోజున లీక్ కొత్తగా పుట్టిందని అర్థం.

పోర్ట్ బదులు క్యాబిన్ గాలిని లైన్‌కు కలిపే ఆల్టర్నేట్ స్టాటిక్ నాబ్ మంచి పరీక్ష. దీని కోసమే ఈ విమానం ఎక్కకండి గానీ, ఇంకెప్పుడైనా గాల్లో ఇలా మొదలైతే, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, సురక్షితమైన ఎత్తులో, నిలకడగా ఎక్కుతూ లాగి చూడండి. వీఎస్ఐ ఒక్కసారి ఉలిక్కిపడుతుంది, ఆల్టిమీటర్ కొంచెం పెరుగుతుంది, అది మామూలే. ఆ తర్వాత మూడు డయల్స్ సాఫీగా కదిలితే అడ్డు పోర్ట్‌కూ ఆల్టర్నేట్ వాల్వ్‌కూ మధ్య ఉంది. అయినా ఆగి దూకుతుంటే అడ్డు వాల్వ్ దాటాక, పానెల్ వైపు ఉంది. ఇంజినీర్‌కు ఈ ఒక్క సమాచారం చాలా పని తగ్గిస్తుంది.

నిజంగానే ఆల్టిమీటర్ చెడితే ఎలా ఉంటుంది? లోపలి పివట్లు మురికి పట్టి ముల్లు ఆగుతుంది, గాజు మీద వేలితో మెల్లగా తడితే కదులుతుంది. వీఎస్ఐ, ఎయిర్‌స్పీడ్ మామూలుగా ఉంటాయి. క్యాప్సూల్‌లో సన్నటి చిల్లు పడితే రీడింగ్ రోజురోజుకూ ఒకే దిక్కుకు జరుగుతుంది. ఆల్టిమీటర్‌లో పీడనం సెట్ చేసే నాబ్ దగ్గర స్క్రూ జారితే పీడనం స్కేల్‌కూ ముల్లుకూ పొత్తు తప్పి, అన్ని ఎత్తుల్లో ఒకే తేడా వస్తుంది. అప్పుడు ఎన్‌కోడర్ బాగా పనికొస్తుంది. అది ఎప్పుడూ స్టాండర్డ్ పీడనం 1013 హెక్టోపాస్కల్స్ ఆధారంగానే పంపుతుంది, మీ నాబ్‌తో దానికి పని లేదు. మీ ఆల్టిమీటర్‌ను కూడా 1013కి తిప్పి ట్రాన్స్‌పాండర్ చూపించే ఫ్లయిట్ లెవెల్‌తో (వందల అడుగుల్లో ఎత్తు) పోల్చండి. పెద్ద తేడా ఉంటే ఆ రెండు పెట్టెల్లో ఒకటి తప్పు. బెంచ్ మీద పరీక్షిస్తే 2,000, 3,000 అడుగుల దగ్గర 30 అడుగులు, 10,000 దగ్గర 80 అడుగుల దాకా తేడాను అమెరికన్ పట్టిక ఒప్పుకుంటుంది. నేల మీద ప్రీఫ్లయిట్‌లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో చెప్పే పరిమితి 60 అడుగులు, 30,000 అడుగుల దాకా పరీక్షించిన ఆల్టిమీటర్లకు.

ఇక మే నెల 400 అడుగులు. ఆల్టిమీటర్ లెక్క స్టాండర్డ్ వాతావరణం మీద ఉంటుంది, అంటే సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు. మన మే ఎక్కడ, ఆ 15 డిగ్రీలు ఎక్కడ. వేడి గాలి పలుచగా పరుచుకుంటుంది, కాబట్టి అంతే పీడనం తగ్గడానికి ఇంకా పైకి ఎక్కాలి. స్టాండర్డ్ కన్నా ప్రతి 10 డిగ్రీల వేడికి, క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో సెట్ చేయమని చెప్పే పీడనం) ఇచ్చిన స్టేషన్ పైన ఉన్న ఎత్తులో సుమారు 4 శాతం తేడా. బేగంపేట ఎత్తు 1,700 అడుగుల చిల్లర. నేల మీద 41 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం మీరు 5,500 చూపిస్తూ ఎగిరితే, స్టేషన్ పైన 3,800 అడుగుల గాలి స్టాండర్డ్ కన్నా 28 డిగ్రీల దాకా వేడిగా ఉంది. దాని మీద 11 శాతం వేసుకోండి, 400 అడుగులే వస్తుంది. జీపీఎస్ చెప్పింది నిజమైన ఎత్తు, ఆల్టిమీటర్ చెప్పింది తనకు తెలిసిన లెక్క. రెండూ సరిగ్గా పనిచేశాయి. చుట్టుపక్కల విమానాలన్నీ ఇదే తేడాతో ఎగురుతాయి కాబట్టి వాటి మధ్య దూరం చెడదు. అందుకే ఆల్టిమీటర్ ఎత్తే పట్టుకోవాలి, జీపీఎస్ ఎత్తు పట్టుకుని ఎగరకూడదు.

ఇంటి దగ్గర ఫోన్ తీసి పోల్చడం కూడా మానేయండి. కొన్ని యాప్‌లు సముద్రమట్టం నుంచి కాకుండా గణిత ఎలిప్సాయిడ్ (భూమికి లెక్క కోసం అనుకున్న నున్నటి ఆకారం) నుంచి ఎత్తు చూపిస్తాయి. మన దక్కన్‌లో సముద్రమట్టం ఆ ఎలిప్సాయిడ్ కన్నా 60 మీటర్లకు పైగా కింద ఉంటుంది, కాబట్టి అలాంటి యాప్ హనుమకొండలో 200 అడుగులకు పైగా తక్కువ చూపిస్తుంది. వాతావరణం యాప్‌లోని పీడనం కూడా ఆల్టిమీటర్ విండోలో (పీడనం అంకె కనిపించే చోట) పెట్టొద్దు. అది అసలు ఉష్ణోగ్రతతో సముద్రమట్టానికి లెక్కగట్టింది, క్యూఎన్‌హెచ్ స్టాండర్డ్ ఉష్ణోగ్రతతో లెక్కగట్టేది. 40 డిగ్రీల రోజున హైదరాబాద్ ఎత్తులో ఆ రెండింటికీ దాదాపు 5 హెక్టోపాస్కల్స్ తేడా, అంటే 140 అడుగులు.

పొద్దున సెట్ చేసి పెట్టిన ఆల్టిమీటర్ సాయంత్రానికి 100 అడుగులు ఎక్కువ చూపిస్తోందని కూడా కొందరు స్నాగ్ రాస్తారు. మన అక్షాంశాల్లో పీడనం పొద్దున 10 ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువగా ఉంటుంది, రోజూ 3, 4 హెక్టోపాస్కల్స్ ఊగుతుంది. ఎవరూ నాబ్ తిప్పలేదు, అంతే. బంగాళాఖాతంలో వాయుగుండం లేచి ఛత్తీస్‌గఢ్ వైపు నడిచే రోజుల్లో మాత్రం జాగ్రత్త. హైదరాబాద్ క్యూఎన్‌హెచ్‌తో బయల్దేరి ములుగు, భూపాలపల్లి వైపు వస్తుంటే మీరు తక్కువ పీడనంలోకి వస్తున్నారు, ఆల్టిమీటర్ నిజం కన్నా ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్లీ పూర్తిగా మొదలై అక్కడి క్యూఎన్‌హెచ్ అక్కడే దొరికితే మన వైపు ఎగిరే వాళ్లకు ఎంతో మేలు.

లైన్ బాగయ్యేదాకా ఆ విమానం ఎక్కకండి. ఎక్కేటప్పుడు కనిపించిన లోపం దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. లోపల పాత తక్కువ పీడనం నిలిచిపోయి, ఆల్టిమీటర్ మీరున్న దాని కన్నా ఎక్కువ ఎత్తు, ఎయిర్‌స్పీడ్ ఎక్కువ వేగం చూపిస్తాయి. ల్యాండింగ్‌కు వస్తూ వేగం ఎక్కువైందని ముక్కు ఎత్తితే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరికి వెళ్తారు. గాల్లో ఇలా జరిగితే ముక్కు కోణం, ఆర్‌పీఎం తెలిసిన చోట పెట్టి, ఎయిర్‌స్పీడ్ వెంట పరిగెత్తకుండా, ఆల్టర్నేట్ స్టాటిక్ లాగి, ఏటీసీకి (నేల మీది కంట్రోలర్‌కు) చెప్పండి. ఏటీసీ చెప్పే ఎత్తును వేరే సాక్ష్యం అనుకోకండి, అది మీ ఎన్‌కోడర్ పంపిందే, అదే పాడైన లైన్ నుంచి వచ్చిందే. 1996 అక్టోబర్ 2న పెరూలో ఏరోపెరూ 603 అనే బోయింగ్ 757 విమానం స్టాటిక్ పోర్ట్‌ల మీద కడిగినప్పటి టేపు అలాగే ఉండిపోయింది. రాత్రి సముద్రం మీద పైలట్లు ఎత్తు అడిగితే కంట్రోలర్ తన తెర మీది అంకె చెప్పాడు, అది ఆ విమానం పంపిన తప్పు అంకే. 70 మంది చనిపోయారు. అలాంటి సమయంలో జీపీఎస్ ఎత్తు వాడుకోవచ్చు. 400 అడుగుల తేడా ఉన్నా, వేల అడుగుల్లో ఉన్నారా వందల్లో ఉన్నారా అన్నది అది చెప్తుంది.

టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) "ఆల్టిమీటర్ సరిగ్గా లేదు" అని రాస్తే మళ్లీ ఆల్టిమీటరే మారుస్తారు. ఎక్కుతుండగా ఆల్టిమీటర్ ఆగి 100 అడుగులు దూకింది, అదే సమయంలో వీఎస్ఐ సున్నాకు వచ్చింది, ఎయిర్‌స్పీడ్ 75 నుంచి 60కి పడింది, విమానం వానలో నిలిచింది, ఆల్టిమీటర్ మార్చినా పోలేదు అని ఈ వరుసలోనే రాయండి. లీక్ చెక్ జరిగాక నిమిషంలో ఎన్ని అడుగులు పడిందో అడిగి నాకు చెప్పండి. మొదటి పది సెకన్లలో కొంచెం పడి ఆగిందా, నిమిషమంతా ఒకే వేగంతో పడుతూ వచ్చిందా అన్నది కూడా కావాలి. మొదటిది ట్యూబ్ సర్దుకోవడం, రెండోది లీక్.